గూట్లో మిగిలిన దేవర కూర

కుందూ నది పొంగాక ఇది ఆరో ఎండాకాలం. ఆ తెల్లవారుజామున కూడా హనుమన్న ఎప్పటిలాగే గడ్డపారను గడపకు ఆనించి, తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు. వరదకు ముందు ఒకరి చేలల్లో మడక పట్టి దున్నినవాడు. అరవై దగ్గరపడ్డాక నాపరాయి గనిలో గడ్డపార పట్టాడు. అప్పుడు వంగిన నడుము మళ్లీ లేవలేదు. గోళ్ల సందుల్లో చేరిన రాతిపొడి ఎంత కడిగినా పోదు.

గూట్లోంచి స్టీలు క్యాను దించి, మూత తీసి, అతని భార్య గిడ్డమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది.

నిన్న పక్కూళ్లో రెడ్డి ఇంట పెద్దమ్మ దేవర. అమ్మవారికి పొట్టేళ్లు బలిచ్చి పగలే వండారు. అంట్లు తోమడానికి పోయిన గిడ్డమ్మకు పొద్దు వాలాక క్యాను నిండా కూర పోశారు. పొలిమేర దాటే మాంసానికి గాలీ దయ్యం సోకకూడదని, అందులో ఒక బొగ్గుముక్క వేసుకొని తెచ్చింది. రాత్రికి ఇద్దరూ కొంచెం తిన్నారు. మిగిలింది బొగ్గుతో సహా గూట్లోకి పోయింది. ఆ ఇంటి రాతిగోడలు పగలంతా కాగి, తెల్లారేదాకా వేడి కక్కుతూనే ఉంటాయి.

"కుక్కకేస్తా" అంది గిడ్డమ్మ.

"వాసనొస్తాందా?"

"వాసన ల్యా. నా మనసే ఒప్పల్యా."

"దేవర కూర కుక్కకేస్తే అమ్మ ఊరుకుంటాదా? మల్లా తెర్లబెట్టు. పురుగులేమున్నా చస్తాయి."

"అబ్బో, ఏడాదికోనాడన్నా గుడికి పోవు. కూర కాడికొచ్చేసరికి శానా బక్తి!" అని నవ్వుతూ ఆమె పొయ్యి రాజేసింది.

కూర కుతకుతా ఉడికింది. అతనికి పళ్లు లేవని మెత్తటి ముక్కలు ఏరి సంగటి పక్కన వేసింది. ఎముకలు తనకు ఉంచుకుంది. క్యానులో మళ్లీ బొగ్గు వేసి మూత పెట్టింది.

"నువ్వూ తిను. పారబోయొద్దు" అని అతను గడ్డపార భుజానికెత్తుకున్నాడు.

ఆ క్యాను ఒక్కటే పాత ఇంటి వస్తువు. కుందూ నీళ్లు గుడిసెలోకి వచ్చిన రోజు, అతను ఎద్దు పలుపు విప్పడానికి పరుగెత్తితే, ఆమె జొన్నలు పోసిన క్యానును నెత్తిన పెట్టుకొని నడుంలోతు నీళ్లలో నిలబడింది. ఎద్దు పోయింది. గుడిసె పోయింది. జొన్నలు తడవలేదు.

గనిలో ఎండ తెల్లగా కొడుతోంది. గడ్డపార మొన పొర కింద దూర్చి ఊపుతుంటే హనుమన్న కడుపులో మెలిపెట్టింది. రాళ్లకుప్ప వెనక్కి పోయి కక్కుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాడు. నీళ్లు తాగి మళ్లీ గడ్డపార పట్టాడు. ఇంకోసారి కక్కుకున్నాడు. ఇంతలో నడుముకు కట్టుకున్న ఫోను మోగింది. పక్కింటి సోమక్క.

"హనుమన్నా, గిడ్డమ్మ పొద్దున్నుంచి ఒకటే కక్కుడు, పారుడు. గాలి సోకినట్లుండాది, ఉప్పూ మిరపకాయలు తిప్పేసినా. నీ పని చెడుతాది, చెప్పొద్దు అంటాంది. నాకు బయమైతాంది, రాప్పా."

అతను వచ్చేసరికి గిడ్డమ్మ నీళ్లకడవ పక్కన చల్లటి బండ మీద పడుకొని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. పెదవులు బెరడు కట్టాయి.

"బొగ్గేసినా గదయ్యా" అంది పీలగా. "గాలెట్ల సోకుతాది?"

అతను ఆమెను చేతుల మీద ఎత్తుకున్నాడు. రాళ్లు మోసిన చేతులకు ఆమె బరువే తెలియలేదు.

ఆటోలో పట్నం ఆసుపత్రికి చేర్చారు. సెలైను ఎక్కిస్తూ నర్సమ్మ అడిగింది. "ఏం తినింది పెద్దాయనా?"

"దేవర కూర."

"ఎప్పుడు వండింది?"

"నిన్న పగలు. గూట్లో పెట్టినాం. తెల్లార్తో మల్లా తెర్లబెట్టినాం తల్లీ, బాగా."

"ఈ ఎండకు అంతసేపు బయట పెడితే కూరలో విషం పుడుతుంది. తర్వాత ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వాసన కూడా రాదు. పారేయాల్సింది."

హనుమన్న తల వంచుకున్నాడు. సీసాలో నీళ్లు బొట్టుబొట్టుగా దిగుతున్నాయి. పొద్దు గూకే వేళ, అతని అరచేతిలోని గిడ్డమ్మ చెయ్యి ఉన్నట్టుండి బరువెక్కింది. రాతికీ ప్రాణమున్న చెట్టుకొమ్మకూ బరువులో తేడా తెలిసినవాడు కాబట్టి, అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడు తెల్లారింది. గిడ్డమ్మ వాకిట్లో చాప మీద ఉంది. మట్టికి మోసేవాళ్లు ఇంకా రాలేదు. హనుమన్న లేచి గూట్లోంచి క్యాను దించి మూత తీశాడు. అడుగున పులుసులో నాలుగు ముక్కలు. ఎముకలు కావు. అతను పని నుంచి వస్తే పెట్టడానికని ఏరి ఉంచిన మెత్తటి ముక్కలు.

ఇంటి వెనక గడ్డపారతో గుంత తవ్వాడు. వీధికుక్క తోకాడిస్తూ దగ్గరికి వచ్చింది. "పో" అని మట్టిగడ్డ విసిరాడు. అది కొంచెం ఎడంగా పోయి కూర్చుంది. కూర గుంతలో పోసి, మట్టి కప్పి, పైన ఒక నాపరాయి పరిచాడు. సోమక్క చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత క్యానును బూడిదతో తోమి గోడ మీద బోర్లించాడు. తోమేటప్పుడు క్యానులోంచి కింద రాతి మీద పడిన బొగ్గుముక్క తడి ఆరక నల్లగా మెరుస్తూ ఉంది.