మంద వెంట పోవలసిన పెట్టె

చెన్నప్పకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. కళ్యాణదుర్గంలో షఫీవుల్లా నడిపే సెల్‌ఫోన్ల అంగడి మెట్లు ఆ పొద్దున నాలుగుసార్లు ఎక్కాడు, నాలుగుసార్లు దిగాడు. దిగినప్పుడల్లా ఎదురుగా ఉన్న టీ బంకు దాకా పోవడం, టీ తాగకుండానే వెనక్కి రావడం. రెండు వందల గొర్రెల్లో కుంటేది ఏదో, చూలుది ఏదో గట్టు మీద నుంచే చెప్పగల మనిషి, గాజు బల్ల మీద పెట్టిన మూడు వస్తువుల్లో తనకు కావలసింది ఏదో తేల్చుకోలేక సతమతమైపోతున్నాడు.

తొందర ఉంది మరి. తన ఊరు కుందుర్పి చుట్టుపక్కల బీళ్లలో గడ్డిపరక లేదు. మేపుకు దాచిన వేరుశనగ కట్టె కూడా అయిపోయింది. ఎల్లుండి తెల్లారేసరికి మందను తోలుకుని సిరుగుప్ప వైపు, కాలువ కింద వరి కోసిన మళ్లకు పోవాలి. జోడీగా వచ్చే కాపరి గురప్ప అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసి, నువ్వు పోయేది మందకా పెండ్లికా అని ఎకసెక్కాలాడాడు. పోతే మళ్లీ తొలకరికే రావడం. ఆరు నెలల మాట.

పోయినేడూ ఇట్లాగే పోయాడు. అప్పటికి కూతురు ఇంద్రాణికి ఏడాది నిండింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పరుగులు పెడుతోంది. గడ్డం పెరిగి, గొంగడి కప్పుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి గుక్కపట్టి ఏడ్చింది. తొమ్మిది రోజులు దగ్గరికి రాలేదు. పదో రోజు తనంతట తానే వచ్చి, వీధిలో వాళ్లు పిలిచినట్టే, నోరు తిరగకపోయినా "గొర్రెలన్నా" అని పిలిచింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. చెన్నప్పా నవ్వాడు గానీ ఆ పూట ముద్ద దిగలేదు. ఆ నోట "నాయన" అనే మాట రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. వచ్చిన మాట నిలవకముందే మళ్లీ ప్రయాణం. ఈసారి కూడా తిరిగొచ్చి కన్నకూతురికి గొర్రెలన్న కావడం అతని వల్ల కాదు. ఆ భయమే అతన్ని అంగడికి తోలింది.

చెన్నప్పది కాపరి ఆలోచన. సాయంత్రం మందను దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కో జీవం మొహం చూసి మరీ లోపలికి వదులుతాడు. చూపు తప్పితే జీవం తప్పుతుందని చిన్నప్పుడే వాళ్ల నాయన చెప్పాడు. కూతుర్ని కూడా దినమూ చూసుకుంటూ ఉంటే తప్పిపోదనుకున్నాడు. ఆ మళ్లలో సిగ్నల్ ఉండదు. కాలువ గట్టంతా తిరిగితే ఒక గీత వస్తుంది, హలో అనేలోపు పోతుంది. అందుకని భార్య అంజలి రెండు వారాలుగా పిల్లను తన ఫోన్లో వీడియోలు తీసింది. అన్నీ కలిపి నలభై మూడు, ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చింది. వాటిని వెంట తీసుకుపోవడం ఎట్లా అన్నదే సమస్య. చెన్నప్ప ఫోను ఒకసారి బురదలో పడి, ఆ కార్డు పెట్టే చోటు చెడిపోయింది. లోపలున్న జాగా అంతా బేరగాళ్లకు పంపే పొట్టేళ్ల ఫోటోలే.

షఫీవుల్లా ఓపికమంతుడు. మొదట వేలెడంత కడ్డీ చూపించాడు. టీవీకి గుచ్చితే చాలు, ఏదైనా వస్తుందన్నాడు. చెన్నప్ప దాన్నే కట్టివ్వమన్నాడు కూడా. ఎందుకైనా మంచిదని షఫీవుల్లానే అడిగాడు.

"ఏమప్పా, మందలో టీవీ ఉండాదా నీకు?"

లేదు. ఇంటర్నెట్టూ లేదు. కడ్డీ పక్కకు పోయింది. రెండోది పలకంత టాబ్లెట్. బొమ్మ పెద్దగా కనిపించేసరికి చెన్నప్ప మనసు దానిమీదకు పోయింది. అయినా అనుమానం తీరక దాన్ని ఎండలోకి పట్టుకుపోయి చూశాడు. అందులో తన మీసాలు తప్ప ఏమీ కనిపించలేదు. గొర్రె ఒక్కసారి తొక్కితే గతేమిటని అడిగితే షఫీవుల్లా తల గోక్కున్నాడు.

మూడోది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె. వీడియోలున్న కార్డు దాని కడుపులో పెడతారట. సొంత బ్యాటరీ, సొంత వైఫై. ఊర్లో సిగ్నల్ చచ్చినా పక్కనున్న ఫోన్లో బొమ్మ ఆడుతుందట. టీవీ ఉన్నచోట తీగ తగిలిస్తే టీవీలోనూ వస్తుంది. ఎండకు పెట్టే సోలార్ పలకతో ఛార్జింగు. అన్నీ బాగున్నాయి గానీ దానికి తెర లేదు. పళ్లు చూడనిదే పొట్టేలును కొనని మనిషికి, మొహమే లేని పెట్టెను నమ్మడం కష్టమైంది. తిప్పి తిప్పి చూశాడు, ఊపి చూశాడు, కింద పెట్టి మెట్లు దిగాడు. అయిదోసారి ఎక్కి వచ్చేసరికి షఫీవుల్లా కార్డు అందులో వేసి, అంగడి నెట్టు ఆపేసి, చెన్నప్ప ఫోనే అతని చేతిలో పెట్టాడు. తెర మీద ఇంద్రాణి కోడిపెట్టను వేలు చూపించి తిడుతోంది. చెన్నప్ప పొద్దుటి నుంచి మొదటిసారి స్టూలు మీద కూర్చున్నాడు. నలభై మూడూ చూశాకే లేచాడు.

మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరాడు. కాళ్లయినా కడుక్కోకుండా పెట్టెను టీవీకి తగిలించాడు. ఇంద్రాణి తనను తాను చూసుకుని ఎగిరింది, టీవీకి ముద్దు పెట్టింది. దినమూ మంద కట్టినాక చూసుకుంటానని, గురప్ప పిల్లల వీడియోలు కూడా వేయించుకుంటామని చెన్నప్ప గొప్పగా చెప్పుకొచ్చాడు. అంజలి ప్రయాణానికి రాగిపిండి సంచికెత్తుతూ అంతా విన్నది. విని, చేతులు దులుపుకుంది.

"పోయినేడు నువ్వు పిల్లను మర్చిపోయినావా?" అని అడిగింది.

"నేను యాడ మర్చిపోతా?"

"మర్చిపోయింది అది గదా. ఇదంతా నువ్వు చూసేకి. అది ఏం చూడాల?"

చెన్నప్పకు కోపం నషాళానికి అంటింది. పొద్దున్నుంచి తిండీ తిప్పలూ లేకుండా ఊరంతా తిరిగి తెస్తే ఇప్పుడు చెప్తావా అని అరిచాడు. తాను పట్నంలో ఉన్నప్పుడే ఫోన్లో చెప్పడానికి నోరేమైందన్నాడు. అంజలి బెదరలేదు.

"నువ్వు కూతేస్తే రెండు నూర్ల గొర్రెలు తలెత్తుతాయి. యాలంటావు? దినామూ ఇంటాయి గాబట్టి. ఆరు నెల్లు దీనికి ఎవురు ఏస్తారు ఆ కూత?"

చెన్నప్ప బయటికి పోయి దొడ్డి చుట్టూ తిరిగాడు. తెరిచి ఉన్న గేటును మూశాడు, మూసింది మళ్లీ తెరిచాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జీవాలను గుర్తుపట్టడమే తన పని అనుకున్నాడు. తనను ఒకరు గుర్తుపట్టవలసి వస్తుందని తట్టనే లేదు. నలభై మూడింటిలో ఒక్కదాంట్లోనూ తాను లేడు. సిగ్గేసింది. పొద్దు వాలకముందే లోపలికి వచ్చి, ఫోను తీయమని అంజలితో అన్నాడు.

అది మందను కాయడమంత సులభం కాలేదు. ఫోను ఎదురుగా పెడితే చెన్నప్ప బిగుసుకుపోయాడు. నా పేరు చెన్నప్ప, మాది కుందుర్పి అని బేరగానికి చెప్పుకున్నట్టు మొదలుపెట్టాడు. అంజలి నవ్వు ఆపుకోలేక ఫోను దించేసింది. మాటలొద్దు, నీ పని నువ్వు చేసుకో అన్నది. అప్పుడు కుదిరింది. గొర్రె పాలు పిండుతూ, ముద్ద తింటూ, కర్ర చెక్కుతూ ఉన్నవి తీసింది. తిరిగొచ్చినప్పటి మొహమే కదా పిల్ల చూడవలసిందని, గొంగడి కప్పించి, పెనం అడుగు మసి తీసి గడ్డం పెరిగినట్టు అతని చెంపలకు, చుబుకానికి పూసింది. మరుసటి రోజంతా అదే పని. చిట్టచివర చెన్నప్పే ఒకటి మాట్లాడతానన్నాడు.

"ఇందూ, నేను మీ నాయన. గొర్రెలు తోలుకోని పోతాండా. వస్తా. వచ్చినపుడు నన్ను చూసి ఏడవద్దమ్మా."

ఆఖరి మాటకు మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ తీద్దామా అని అంజలి అంటే వద్దన్నాడు. ఆ రాత్రే అన్నీ పెట్టెలోని కార్డులోకి ఎక్కించారు.

తెల్లారి మంద వీధిలోకి వచ్చింది. ఆఖరు నిమిషంలో అంజలి, పిల్లకు నా ఫోను చాలులే అని పెట్టెను సంచిలో పెట్టబోతే చెన్నప్ప తీసి మళ్లీ టీవీకే తగిలించి పెట్టాడు. పిల్లను చూడకుండా ఆరు నెలలు ఎట్లా గడుస్తాయో అతనికి తెలియదు. అయినా పెట్టాడు. ఇంద్రాణి అప్పటికే టీవీ ముందు చేరింది. బొమ్మలో గొంగడీ మసి గడ్డమూ ఉన్న మనిషి ముద్ద తింటున్నాడు. చెన్నప్ప మొహం కడుక్కుని, నున్నగా గొరిగించుకుని ఉన్నాడు. పక్కన గొంతుక్కూర్చుని, పోయొస్తానమ్మా అన్నాడు. పిల్ల తిరగలేదు. రెండోసారి అంటే తిరిగింది. అతని వేలు పట్టుకుని, ఇంటికొచ్చిన వాళ్లకు చూపించినట్టు టీవీ వైపు చూపించింది.

"నాయన" అంది.

అంజలి ఏదో అనబోయింది. చెన్నప్ప వద్దని చెయ్యి ఊపాడు.

"అవునమ్మా, ఆయప్పే మీ నాయన. బాగా చూసుకో" అని లేచి, కర్ర తీసుకుని బయటికి నడిచాడు.