సూరప్పనాయుని చేనిలోని వంపుదారి

వంశధార మహోగ్రతరంగములతో గట్టులను ద్రెంచి సాలెపేట మగ్గపుగుంతల నిసుకతో బూడ్చివైచిన యేటికి మఱుసటి యేడు, కార్తీకమాసమున నొకనాటి సాయంసమయమున, అస్తమించుచున్న సూర్యుని కుంకుమారుణకిరణములు సోకి పండనున్న చోడిచేను రాగిరేకులు పఱచిన చందమున మెఱయుచుండెను.

ఆ చేను గొర్లె సూరప్పనాయునిది. వరదలో హద్దులన్నియు సమసిపోగా నతడు సాలెపేటనుండి శ్మశానమునకు బోవు కాలిబాటను గూడ దున్ని విత్తెను. తనవారికి క్రొత్తరోడ్డున్నది గదా యని యాతని తలంపు. ఆ రోడ్డు పేటకు దూరమగుటచే సాలెవారికి మిగిలినది నడుములోతు ఊబి. పేటలో వృద్ధుడైన కూర్మయ్య యిల్లాలు నేడో రేపో యన్నట్లుండెను. ఆమె నూబిలో మోయవలసివచ్చునే యని కూర్మయ్య మొఱవెట్టుకొనగా సర్వేయరు వచ్చి దొరలనాటి పాతపటమును చేనిగట్టున బఱచెను.

ఇండ్లు గడులుగను నూతులు సున్నలుగను జనులు తరతరములు నడచిన జాడలు చుక్కలబారులుగను గానవచ్చు నా జీర్ణపటమున, సాలెపేట బాట చేని నడుమ మోచేయివలె వంగి మరల శ్మశానాభిముఖమై సాగుచుండెను.

సూరప్ప నవ్వెను. "చదునునేలలో వంకరగా నడిచీవోడెవడు బావూ? గీసిన దొర కల్లు మీద ఉండుంటాడు."

కూర్మయ్య నవ్వలేదు. "వరదకి ముందు అక్కడ మిట్టుండీది, ఎరగవేటి నాయుడుబావూ? దింపుడుకళ్ళం. ఊపిరుందేమోనని పాడె దింపి, సెవిలో మూడుసార్లు పిలిసీ సోటు. రోడ్డు లేనప్పుడు మీ అమ్మనీ అక్కడే దింపినాం. నువ్వు నా మొలెత్తుండీవోడివి. నువ్వే పిలిసినావు."

"పటం ముడుసుకోండి" అని మాత్ర మని సూరప్ప యింటిదారి బట్టెను. ఆ రాత్రియే కూర్మయ్య యిల్లాలు కన్నుమూసెను.

మఱునాడు వేకువనే సూరప్పనాయుడు కొడవలి గొని, పండవచ్చిన చేనిని పటములోని వంపు వంపుగానే పాడె పట్టునంత వెడల్పున గోసి, దారి వంగిన తావున పారతో మన్ను గూర్చి మిట్ట గట్టెను. పొద్దెక్కగానే పాడె వచ్చెను. మోయువారు దాని నా మిట్టపై దింపిరి. కూర్మయ్య వంగి భార్య చెవిలో మూడుమాఱులు పిలిచెను. మోయువారు మరల భుజము లొడ్డిరి.

"ఉండండ్రా" అనెను సూరప్ప. "ఇంకోపాలి పిలు, కూర్మయ్య మావా. తొందరేటీ నేదు."

తాను నాడు తల్లిని నాల్గవమాఱు పిలువబోగా పెద్దలు ఱెక్కపట్టి లాగివైచిరని మాత్ర మతడెవ్వరితోను జెప్పలేదు.