పెద్దదాని చెయ్యి

ఆ వీధిలో మొదట ఉన్నది అక్క షాపు ఒక్కటే. ఇరుకు గది, ఒక ఓవెను, ముందు అద్దాల బీరువా. అందులో కప్‌కేకులు తప్ప ఇంకేమీ అమ్మేది కాదు. చెల్లెలి భర్తకు ఉద్యోగం పోయినప్పుడు అక్కే పిలిచి చెల్లెల్ని పనిలో పెట్టుకుంది. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా గిలకొట్టడం, గుడ్లు ఒక్కొక్కటిగా వెయ్యడం, పిండి పడ్డాక గరిటె ఎక్కువ తిప్పకపోవడం అన్నీ దగ్గరుండి నేర్పింది. చెల్లెలు ఇట్టే పట్టేసింది.

ఒకరోజు ఒక ట్రే మాడింది. షాపు నిండా మనుషులు. అక్క నోరు ఊరుకోలేదు.

"అన్నం పెట్టి పని నేర్పితే నువ్వు నాకు చేసే మేలు ఇదా?"

చెల్లెలు ఏప్రను విప్పి, మడత పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు సరిగ్గా రోడ్డుకు అవతల ఆమె షాపు తెరుచుకుంది.

ఇక వీధికి వేరే పని లేకుండా పోయింది. కేకు అక్కది మెత్తన, క్రీము చెల్లెలిది చక్కన అని కొందరు. కాదు, అక్కది పైపై మెరుగు అని కొందరు. చెరొకటి కొనుక్కుని మంగలి షాపు బెంచీ మీద కూర్చుని పోల్చుకుంటూ తినేవాళ్ళు. తీర్పు చెప్పమంటే మంగలి కత్తెర ఆపేవాడు కాదు.

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరూ నా దగ్గరికే పిల్లల్ని పంపుతారు. నన్నొదిలెయ్యండి బాబూ!"

చెల్లెలు ధర తగ్గించింది. పట్టుదలకు పోయి అక్కా తగ్గించింది. గిట్టుబాటు కాక ఆమె తల పట్టుకుంటే, ఆమె భర్త దారి చూపించాడు.

"వెన్న మానెయ్. వనస్పతి వేసి, పైన క్రీము దండిగా పుయ్యి. నాలుక మీద ముందు తగిలేది అదేగా!"

మొదట సగం మానేసింది. తర్వాత మొత్తం మానేసింది. ఈ సంగతి అమ్మకు తెలియదు. అమ్మ అక్క దగ్గరే ఉంటుంది కానీ, షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి తీపి ముట్టలేదు.

ఆ ఏడాది షాపులవాళ్ళ సంఘం సమావేశానికి ఇద్దరి కప్‌కేకులూ వచ్చాయి, అక్కతో పాటు అమ్మా వచ్చింది. అక్కడ మందుల షాపాయనకు సరదా పుట్టింది. "ఈ గొడవ ఇవాళ తేల్చేద్దాం. ఇద్దర్నీ కన్నావిడకి కళ్ళకు గంతలు కట్టి తినిపిద్దాం. ఆవిడ ఎటూ మొగ్గదు!"

"పెద్దావిడ, అమ్మనెందుకండీ ఇందులోకి లాగడం?" అంది చెల్లెలు.

"భయమా?" అంది అక్క. ఇద్దరూ మాట్లాడుకోక చాలాకాలమైంది. మొదటి మాట అదే అయింది.

అమ్మ నవ్వుతూ కుర్చీలో కూర్చుంది. "ఒక్క ముక్కకి చావనులే, కట్టండి" అంది. మంగలి తన భుజం మీది తువ్వాలు తీసి కట్టాడు. హాలంతా నవ్వులు.

మొదటిది కొరికి అమ్మ మొహం చిట్లించింది. నాలుకతో అంగిలి తడుముకుంది. "జిడ్డు మిగిలింది నోట్లో. చిన్నది పాపం, ఎంత నేర్పినా దానికి అబ్బలేదు."

రెండోది నోట్లో పెట్టుకుంది. నమలడం నెమ్మదించింది. "ఇదీ! ఇది మా పెద్దదాని చెయ్యి. కళ్ళే కాదు, ముక్కు మూసినా చెబుతాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మే తడుముకుని గంత లాగేసింది. అందరూ తలొక దిక్కూ చూస్తున్నారు. పెద్దకూతురి కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి వచ్చాక అమ్మ ఏడ్చింది. "నాకేం తెలుసే? నువ్వు గెలవాలనే కదా అలా అన్నాను!"

"అబద్ధం ఆడలేదుగా అమ్మా. ఏడవకు" అంది అక్క. ఆ మాటలో ఓదార్పు లేదు.

మర్నాడు చెల్లెలు రోడ్డు దాటి వచ్చింది. గుమ్మం లోపలికి మాత్రం రాలేదు.

"అక్కా, వెన్నెందుకు మానేశావు?"

"నువ్వు ధరెందుకు తగ్గించావు?"

"నీ షాపు ఎదురుగా షాపు పెట్టి, నీ ధరకే అమ్మితే నా మొహం ఎవరు చూస్తారు?" చెల్లెలు గుమ్మం పట్టుకుంది. "పోనీ, రెండూ కలిపేద్దాం. పైన నీ పేరే పెడదాం."

"నువ్వు దానం చేస్తే తీసుకునేంత దిగజారలేదు. వెళ్ళు."

చెల్లెలు రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

ఆ వారమే అక్క మళ్ళీ వెన్న తెచ్చింది. మునుపటిలాగే చేసింది, ఇంకా శ్రద్ధగా చేసింది. కానీ ఊరి నోరు మూయించడం ఎవరి తరం? ఆమె షాపుది వనస్పతి కేకు అన్న మాట ఇంటింటికీ చేరిపోయింది. మంగలి ఒక్కడే వచ్చి ఒకటి తిని, "పాత రుచి వచ్చిందమ్మా" అన్నాడు. ఆ మాట అతను ఎవరి చెవిన వేసినా వాళ్ళు నమ్మలేదు. సాయంత్రాలు ట్రేలు నిండుగానే ఉండేవి. చివరికి షాపు మూసేసింది. ఆ గదిని దాని యజమాని చెల్లెలికే అద్దెకిచ్చాడు. ఆమె అందులో పిండి బస్తాలు వేయించుకుంది.

అక్క ఊరికి ఆ చివర ఒక ఆసుపత్రి క్యాంటీనులో వంటపనికి కుదిరింది. అమ్మ ఎవరితో మాట్లాడినా పెద్దకూతురు పక్క గదిలో ఉందేమోనని గొంతు తగ్గించడం అలవాటు చేసుకుంది.

ఒక మధ్యాహ్నం, పెద్ద నర్సు రిటైరవుతోందని క్యాంటీనుకు అట్టపెట్టెలు వచ్చాయి. నిండా కప్‌కేకులు. అక్క వాటిని పళ్ళేల్లో సర్దింది. ఒకటి విరిగితే, పారెయ్యలేక నోట్లో వేసుకుంది. బాగుంది. చాలా బాగుంది. మింగడానికి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

గిన్నెలు తోమే ఆవిడ పెట్టె మీది అక్షరాలు కూడబలుక్కుని, "ఈ షాపు మీ చెల్లెలిదటగా? నిజమేనా?" అని అడిగింది.

"నాకు చెల్లెళ్ళెవరూ లేరు" అని అక్క పళ్ళేలు తీసుకుని బయటికి నడిచింది.