మెరుగు పెట్టిన జిడ్డు

గిన్నెలు కడిగే ఆ పెట్టె ఇంట్లోకి వచ్చిన రోజే మేస్త్రికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదంటే, వంటింట్లో దారికి అడ్డమనో, కరెంటు తాగేస్తుందనో నోటికొచ్చింది చెప్పేవాడు. అసలు కారణం మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. దాన్ని పంపింది తోడల్లుడు.

భార్యకి అక్క మొగుడు ఆయన. బజారు మొదట్లో ఫ్రిజ్‌లు, మిక్సీలు, బట్టలుతికే మిషన్లు అమ్మే పెద్ద దుకాణం ఆయనది. ఆయన ఎక్కడికైనా వస్తే ముందు సెంటు వాసన వస్తుంది, తర్వాత నవ్వు వస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా ఆయన వస్తాడు. మేస్త్రి వస్తే ఇంజనాయిలు వాసన ఒక్కటే వస్తుంది. పొద్దస్తమానం లేతు మిషను ముందు నిలబడి ఇనుము చెక్కేవాడి దగ్గర పన్నీరు వాసనేం వస్తుంది?

"ఇద్దరం తిన్న రెండు కంచాలకి ఇంత భూతమెందుకు?" అన్నాడు భార్యతో.

"బావే చూశాడండీ నా చేతులు," అంది ఆవిడ. "మొన్న అక్క వాళ్ళింటికి వెళ్ళానా, 'ఏమిటే మరదలా, ఆ వేళ్ళేమిటి అలా పాసిపోయాయి?' అన్నాడు. కుట్టేటప్పుడు గుడ్డకి పట్టుకుంటున్నాయి బావా అన్నాను. అంతే, పంపించేశాడు."

ఆవిడ అంతే అనేసి ఊరుకుంది. మేస్త్రికి ఆ మాట దగ్గరే ముల్లు విరిగింది. పెళ్ళయిన నాటినుంచీ రోజూ ఆ చేతుల పక్కన నిలబడ్డవాడు తను. చూసినవాడు ఇంకొకడు.

రోజూ భోజనాలయ్యాక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సింకు ముందు నిలబడేవారు. అతను తోమేవాడు, ఆవిడ కడిగి బోర్లించేది. కుట్టు కంపెనీలో జరిగిన కథంతా ఆవిడ నోట అప్పుడే వచ్చేది. అక్కడి సూపర్‌వైజరుకి గుడ్లగూబ అని పేరు పెట్టింది. గుడ్లగూబ ఎవరి వెనక నక్కాడో, ఎవరి దగ్గర నోరు జారి నాలిక కరుచుకున్నాడో నటించి మరీ చూపించేది. అతను గోడకేసి చూస్తూ, మూకుడు అడుగు గీకుతూ, "ఊఁ, అప్పుడు నువ్వేమన్నావ్?" అనేవాడు. ఒక్కోసారి అతని నోటినుంచీ ఓ మాట జారిపడేది. యజమాని అందరిముందూ కసిరిన సంగతో, కళ్ళు మునుపట్లా కనిపించడం లేదన్న భయమో. మనిషి మొహం చూసి చెప్పలేనివన్నీ అతను మూకుడికి చెప్పేవాడు. పక్కనున్న మనిషి వినేది.

ఇప్పుడు ఆవిడ కంచాలు పెట్టెలో సర్ది, మీట నొక్కి, ముందుగదిలోకి వెళ్ళి కాళ్ళు చాపుకుని ఫోను అందుకుంటోంది. అవతల అక్క. అక్క చేతిలోంచి ఫోను లాక్కుని బావ.

"నీ పుణ్యమా అని దొరసానిలా కూర్చున్నాను బావా! మా గుడ్లగూబ ఇవాళ ఏం చేశాడో చెప్పనా?"

వంటింటి గుమ్మంలో మేస్త్రి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడేవాడు. లోపల పెట్టె బుడబుడమంటూ తన పని తను చేసుకుపోయేది. ఆడదానికి సవతి వస్తే ఊరంతా ఓదారుస్తుంది. మగాడికి వస్తే చెప్పుకోవడానికి మాట కూడా లేదు. అందులోనూ కరెంటుతో నడిచే సవతి.

ఓ పొద్దున భార్య పనికి వెళ్ళాక పెట్టె తలుపు తీశాడు. కంచాలు తళతళలాడుతున్నాయి. వాటిలో తన మొహం చూసుకుంటే ఒళ్ళు మండింది. పొయ్యి పక్కనున్న నూనె సీసా వంచి బొటనవేలు తడుపుకున్నాడు. కంచం అంచు దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుకుంటూ మధ్యదాకా పల్చటి పూత పూశాడు. లేతు మీంచి దింపిన ముక్కకి తుప్పు పట్టకుండా ఎలా పూస్తాడో అలాగే. చేతికి అదొక్కటే వచ్చు. ఒకదాని తర్వాత ఒకటి పూసి, తలుపు మూసి, ఈల వేసుకుంటూ పనికి వెళ్ళాడు.

సాయంత్రం భార్య కంచం తీసి వేలితో రాసి చూసింది. "ఇదేమిటండీ, జిడ్డుగా ఉంది?"

"నేను చెప్పలా?" అన్నాడు మేస్త్రి. లోపల గంతులేస్తున్న మనసుని పళ్ళ బిగువున ఆపుకున్నాడు. "మనిషి చెయ్యి తగలని పని అలాగే ఏడుస్తుంది. ఇలా తే, తోముతాను."

ఆవిడ కంచం ఇవ్వలేదు. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. అతనికేసి కూడా ఓ చూపు చూసింది. తర్వాత ఫోను తీసింది. "బావా, నీ మిషను మొండికేసింది. ఓసారి వచ్చి చూడవూ?"

గంతులేస్తున్న మనసు గబుక్కున కూలబడింది.

వచ్చాడు తోడల్లుడు. ముందు సెంటు, తర్వాత నవ్వు. పెట్టె ముందు గొంతుక్కూర్చుని జల్లెడ ఊడదీశాడు, నీళ్ళు రుచి చూశాడు, ఉప్పు పోశాడు. "కొత్త పెళ్ళికూతురు కదటే మరదలా, అలవాటు పడాలి," అన్నాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. అందులో అంత నవ్వేముందో మేస్త్రికి అర్థం కాలేదు.

బుద్ధున్నవాడైతే అక్కడితో మానేస్తాడు. అసూయకి బుద్ధెక్కడిది? ఈసారి గ్లాసులకి కూడా పూశాడు. తోడల్లుడు మళ్ళీ వచ్చాడు. ఇంకో రకం సబ్బు బిళ్ళలు తెచ్చాడు. పనిలో పనిగా మరదలికి రబ్బరు తొడుగులు తెచ్చాడు, పసుపురంగువి. ఆవిడ వాటిని చేతులకి వేసుకుని వేళ్ళు ఆడించి చూపిస్తుంటే, ఎప్పుడూ ఏదీ తేని తన చేతులు మేస్త్రి చంకల్లో దాచుకున్నాడు.

దుకాణం కట్టేసి ఇంటికి పోయే దారిలో ఇక్కడ ఆగి వెళ్ళడం ఆయనకి అలవాటైంది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని కాదనడానికి వీల్లేదు. రప్పిస్తున్నది తన బొటనవేలేనని తెలిసీ, పొద్దున్నే నూనె సీసా దగ్గరికి వెళ్ళకుండా మేస్త్రి ఉండలేకపోయాడు. పూయకపోతే ఆ పెట్టె గెలుస్తుంది, పూస్తే ఆయన గెలుస్తాడు.

ఓ సాయంత్రం మెట్లెక్కుతుండగా పైనుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. దాంతోపాటు గిన్నె మీద పీచు గీరుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు తను ఇంట్లో లేనప్పుడు రాకూడనిది. మిగిలిన మెట్లు గబగబా ఎక్కాడు.

సింకు ముందు, తన చోట్లో, తోడల్లుడు నిలబడి ఉన్నాడు. సిల్కు చొక్కా మోచేతుల పైకి మడిచి మూకుడు తోముతున్నాడు. పక్కన పసుపు తొడుగులతో మేస్త్రి భార్య గిన్నెలు కడిగి బోర్లిస్తోంది. గుడ్లగూబ ఎవరో పిల్లని కసరబోయి తనే కుర్చీ తన్నుకుని పడ్డ కథ చెబుతోంది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వుతూ, "అప్పుడు నువ్వేమన్నావే?" అన్నాడు.

మేస్త్రి గుండెల్లో ఎవరో రంపం పెట్టినట్టయింది. చోటు పోతే పోయింది, ఆ మాట కూడా తీసేసుకున్నాడా?

"రావోయ్ తమ్ముడూ!" అన్నాడు తోడల్లుడు వెనక్కి తిరిగి. "మిషను బాగయ్యేదాకా నీ ఉద్యోగం నాకిచ్చింది మీ ఆవిడ. ఆ క్యారేజీ కూడా ఇటిచ్చెయ్, తోమేస్తాను."

మేస్త్రి క్యారేజీని వీపు వెనక దాచుకున్నాడు. "అక్కర్లేదు అన్నయ్యా. ఇది నాది."

"పెళ్ళికొడుకు చెప్పులు దాచుకున్నట్టు దాచుకుంటాడేమిటే!" అని ఆయన మళ్ళీ నవ్వి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. సెంటు వాసన మాత్రం చాలాసేపు వెళ్ళలేదు.

మేస్త్రి సింకు దగ్గరికెళ్ళి ఆయన తోమిన మూకుడు ఎత్తి చూశాడు. "అడుగున మసి అలాగే ఉంది. పని చేతకానివాడితో ఎందుకు చేయిస్తావ్?"

"పోనీ, చేతనైనవాడి పని చూద్దామా?" అంది భార్య. పెట్టె తలుపు తీసి ఓ కంచం అందుకుంది. "ఇటు రండి. తిన్న కంచానికి జిడ్డు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటుంది. ఇదేమో అంచునుంచి మధ్యదాకా ఒక్కటే పూత. అద్దానికి మెరుగు పెట్టినట్టుంది. ఇంత శ్రద్ధగా మురికి చేసే మనిషి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?"

మేస్త్రి మూకుడు కింద పెట్టాడు. "ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మొదటి రోజే."

"మరి ఆయన్ని ఎందుకు పిలిచావ్?"

"మీ నోటితో మీరు చెబుతారేమోనని. అబ్బే! రోజూ ఆ మహానుభావుడి జోకులు భరించాను గాని, మీరు పెదవి విప్పలేదు. చివరికి సింకు దగ్గర కూడా నిలబెట్టాను." తొడుగులు లాగేసి చేతులు అతని ముందు చాపింది. పగుళ్ళు కొన్ని మానాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి. "మిషను ఎక్కడికీ పోదు. ఇవి మానుతున్నాయి."

ఈసారి అతను చూశాడు. చూసి, "ఉండనీ," అన్నాడు.

ఆవిడ గిన్నెలు పెట్టెలో పడేసి మీట నొక్కింది. రెండు కుర్చీలు లాక్కొచ్చి ఎదురెదురుగా వేసింది. "కూర్చోండి."

కూర్చున్నాడు. చేతిలో పీచు లేదు, ముందు గోడ లేదు. భార్య మొహం ఉంది. అంత దగ్గర్నుంచి, అంతసేపు ఆ మొహాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. ఎడమ కనుబొమ్మలో తెల్లవెంట్రుక ఒకటి వచ్చింది. అదెప్పుడొచ్చిందో ఆ తోడల్లుడికి ముందే తెలిసి ఉంటుందన్న అనుమానం కూడా వచ్చింది.

"గిన్నెలు లేకపోతే నాతో మాట్లాడలేరా?" అంది ఆవిడ.

మేస్త్రి చేతులు మోకాళ్ళ మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పెట్టె నీళ్ళు నింపుకుంటోంది. ఏదో ఒకటి అనాలి. లోపల వెతుక్కుంటే దొరికింది ఒక్కటే.

"ఆయన చెప్పే వెధవ జోకులకి నీకు అంత నవ్వెలా వస్తుందసలు?"

"నవ్వు రాదండీ," అంది ఆవిడ. "నవ్వకపోతే అదే జోకు మళ్ళీ చెబుతాడు."

మేస్త్రి కుర్చీ ఓ జానెడు ముందుకి జరుపుకున్నాడు. "నిజంగానా? ఏదీ, మొదటినుంచీ చెప్పు."