టల్సా కాండ

ఇల్లు అంట, మనిషి కూడా కాదు, ఇల్లు, గడపా గ్యారేజీ కలిపి కాబోలు అనుకుంది ప్రమోద, కాపెల్ ఊళ్ళో స్కూల్ ముందు కార్ల వరసలో బ్రేక్ మీద కాలు పెట్టి, పక్క సీట్లో దేదీప్య ఒళ్ళో చార్టు పరుచుకుని చదివి వినిపిస్తోంది, తొమ్మిదో తరగతి, ప్రాచీన వీరకావ్యాల పాఠం, మీ ఇంట్లో ఒక వీరుడి ప్రయాణం గడుల్లో నింపుకు రమ్మన్నారు, వీరుడి గడిలో డాడ్, పరీక్ష గడిలో ఐస్ స్టార్మ్, సహాయకుల గడిలో హోండా సివిక్ కారు, తిరిగొచ్చే చోటు గడిలో మామ్, నువ్వెక్కడికీ వెళ్ళలేదు కదమ్మా, సో యూ ఆర్ హోమ్, ఇట్స్ ఎ గుడ్ థింగ్ అంది పిల్ల, గుడ్ థింగే మరి, సివిక్‌కైతే ఆయిల్ కూడా మార్పించారు.

తెలుగు ఎమ్మే చదివిన మనిషికి ఆ గడులు కొత్తా, ప్రయాణం లేనిదే కావ్యం లేదు, వీరుడు గడప దాటితే కథ మొదలు, అడవి అడ్డొస్తే ఒక కాండ, సముద్రం అడ్డొస్తే ఇంకోటి, తిరిగొస్తే మంగళం, ఇంట్లో ఉన్నవాళ్ళకి ఏళ్ళు గడుస్తాయి గాని పద్యాలు పడవు, కాని ఆ రోజు ఇంట్లో ఎవరున్నారని, పదిహేనేళ్ళ కిందట భర్త నీరజ్ ఉద్యోగం పోయి, టల్సాలో ఇంటర్వ్యూ తప్పితే వీసా కూడా పోతుందన్న రోజు, రోడ్డు గాజు పోతపోసినట్టుంది, కారు ఒక్కసారి జారగానే వీరుడు పక్కకి ఆపి ఏడ్చాడు, వెనక సీట్లో ముడుచుకు పడుకున్నాడు, ఖాళీ పార్కింగ్ లాటులో నేర్చిన నాలుగు రోజుల విద్యతో, లైసెన్సు లేకుండా, ఏడోనెల కడుపు స్టీరింగ్‌కి తగులుతుంటే టల్సా దాకా తనే నడిపింది, ఈ చార్టు రాసిన పిల్లా ఆ కడుపులోనే ఉంది, పాపం దానికీ గడి లేదు, తిరుగుదారిలో కారు రెయిలింగుకి రాసుకుంది, ఏం జరిగిందో అడగడానికి ఫోన్ చేస్తామని ఇన్సూరెన్సువాళ్ళంటే నీరజ్ భయపడ్డాడు, లైసెన్సు లేని మనిషి నడిపిందంటే వీసాకి ఏం చుట్టుకుంటుందోనని.

కారు స్పీకర్లో ఇప్పుడు అతని గొంతు, ఆఫీస్ నుంచి, బంగారం, ఎయిట్ అవర్స్ అని రాయి, పోయిన పాట్‌లక్ విందులో ఆరే ఉండేవి, అంతకు ముందు నాలుగున్నర, వింటున్నవాళ్ళు నోరు తెరిచిన కొద్దీ రోడ్డు పొడుగవుతోంది, ఏమండీ అంది ప్రమోద, గ్రీన్ కార్డ్ వచ్చి ఆరేళ్ళయింది, ఇంక భయమేముంది, ఆ రోజు కారు నడిపిందెవరో పిల్లకి చెప్పండి, స్పీకర్లో కీబోర్డు టకటకలు ఆగాయి, గుర్తొచ్చిందనుకుంది, ఒక్క క్షణం ఆశపడింది కూడా, ఐ వజ్ డ్రైవింగ్, అన్నాడు నీరజ్, ఆగాడు, అలోన్, మళ్ళీ ఆగాడు, మై వైఫ్ వజ్ ఎట్ హోమ్, అబద్ధం చెప్పే గొంతు కాదు, నిజంగా నమ్మినవాడి గొంతు, ఆ భార్యతోనే మాట్లాడుతున్నానన్న స్పృహ కూడా లేదు.

సీ, అమ్మా, అని పిల్ల చార్టు చుట్టుకుని తలుపు వేసుకుని వెళ్ళిపోయింది, వెనక కారువాడు హారన్ కొట్టాడు, ప్రమోద కదల్లేదు, ఆ మూడు ముక్కలూ తనవే, ఇన్సూరెన్సువాళ్ళ ఫోన్‌కి ముందు వంటింట్లో నిలబెట్టి పదిసార్లు వల్లె వేయించింది, ఎక్కడ ఆగాలో కూడా తనే చెప్పింది, అలోన్ తర్వాత కొంచెం ఆగండి, నమ్ముతారు అని, నమ్మారు, అందరూ నమ్మారు, చెప్పినవాడితో సహా, తనని కథలోంచి ఎవరూ కొట్టేయలేదు, ఈ కావ్యం రాసింది తనే, వీరుణ్ణి నిలబెట్టడానికి తన పేరు తనే తీసేసింది, చార్టులో కవికి గడి ఉండదు.