ఇనుము ఏడుస్తుంది

సైమికి అన్నిటికంటే పెద్ద భయం, కొడుకు గుండుసూది మింగుతాడని. భర్త యోనాస్ పేపరుమిల్లులో షిఫ్టుకి పోతే ఇంట్లో ఒంటరిగా ఉండడానికి భయం లేదు, చలికాలం చీకటికి భయం లేదు. సూది ఒక్కటే. లేసు అల్లే ఇంట్లో సూదికి కరువేముంది? వంటింటి కిటికీ పక్క బల్లమీద గట్టిగా కుక్కిన లేసు దిండు, దాని నిండా సన్నని ఇత్తడి సూదులు, సూదుల చుట్టూ తిరిగి కిందికి దిగే నారదారాలు, దారాల కొసల్లో చెక్క కండెలు. ఆ బల్ల కిందే ఏలిస్. వాడికి ఈమధ్యే నడక వచ్చింది. కంటపడిందల్లా నోట్లో పెట్టుకుని రుచి చూస్తేగానీ వదలడు.

దిండు మీద అల్లుతున్న లేసు కాలరు సైమిది కాదు, రెండు సందుల అవతల ఉండే ఇంపి అవ్వది. తనే నమూనా గీసుకుని, సగం అల్లేసరికి అవ్వకి చూపు మధ్యలో మసక కమ్మింది. ఇక ఇంతేనన్నారు డాక్టర్లు. జులైలో ఊరంతా జరుపుకునే లేసు వారం నాటికి కాలరు పూర్తికావాలి. ఎవరు పడితే వాళ్ళు పూర్తిచేసేది కాదది. దారం లాగే బిగువు మనిషికో తీరు. రౌమ ఊళ్ళో, చేతిరాతని అన్నట్టే, దాన్నీ దస్తూరి అంటారు. మధ్యలో చెయ్యి మారితే లేసులో తెలిసిపోతుంది. తను నేర్పే లేసు క్లాసుకి వచ్చేవాళ్ళందరి అల్లికలూ బొటనవేలితో తడిమి తడిమి, అవ్వ సైమి దగ్గర ఆగింది.

"ఇది నా దస్తూరే," అంది.

కడుపు పండాక చదువు మధ్యలో మానేసిన పిల్ల సైమి. నీకు ఫలానా పని వచ్చునని ఒక మనిషి నోరు తెరిచి చెప్పడం ఆమెకు అదే మొదలు. కాలరు చెడితే ఆ మాట కూడా చెడుతుంది.

మార్చిలో ఒకరోజు పెట్టెలో ఒక సూది తగ్గింది. బల్ల కింద లేదు, చాప కింద లేదు. ఏలిస్ చొంగ కారుస్తూ నవ్వుతున్నాడు. సైమి వాణ్ణి చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. ఎక్స్‌రే తీశారు, కడుపులో ఏమీ లేదన్నారు. పిల్లవాడు మీకంటే ధైర్యంగా ఉన్నాడమ్మా అని నర్సు నవ్వింది. తీరా ఇంటికొస్తే, సూది యోనాస్ ఉన్ని చెప్పు అడుగున గుచ్చుకుని ఉంది. మర్నాడు అతను మిల్లు నుంచి అరచెయ్యంత అయస్కాంతం తెచ్చాడు. మన ఇంట్లో కండెలు మాట్లాడినంత కూడా నువ్వు నాతో మాట్లాడవు, ఇకనైనా నేల వెతుక్కోవడం మాని నావైపు చూడు అని వేళాకోళం చేశాడు. సైమి ఆశగా ఒక సూది నేలమీద వేసి, అయస్కాంతం తిప్పింది. ఇత్తడికి అయస్కాంతం చూపిస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. సూది కదల్లేదు.

ఉక్కు సూదులు వాడితే ఏమవుతుందని అవ్వని అడిగింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే, ఈ పిరికిది లేసుకేం పనికొస్తుందనుకుంటుందని.

"ఇనుము ఏడుస్తుందే పిల్లా," అంది అవ్వ. "ఆ కన్నీరు దారంలోకి దిగిందా, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు."

"తుప్పు పట్టదని పాకెట్ మీద రాశారవ్వా."

"పాకెట్ లేసు అల్లదు."

అయినా సైమి మార్చేసింది. ఏలిస్ నిద్రపోయినప్పుడల్లా ఒక్కో ఇత్తడి సూదీ తీసి, అదే చిల్లులో ఉక్కు సూది గుచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఇంట్లో హాయి దిగింది. సాయంత్రం అయస్కాంతం ఒకసారి నేలమీద తిప్పితే చాలు, పడినవన్నీ టకటకా వచ్చి అతుక్కునేవి. అల్లుతూ అల్లుతూ నిమిషానికోసారి బల్ల కిందికి వంగి చూడడం మానేసింది. శనివారం కాఫీకి వచ్చినప్పుడు అవ్వ అంచు తడిమి, ఈమధ్య నీ దారం ఊపిరి పీలుస్తోందే అని మెచ్చుకుంది. ఆ మెప్పుకి సంతోషించాలో సిగ్గుపడాలో సైమికి తెలియలేదు.

వంటింట్లో ఆరేసిన పిల్లవాడి గుడ్డలు, పొయ్యిమీద చేపల పులుసు ఆవిరి, తలుపు తీస్తే సముద్రం మీది పొగమంచు, ఇంటినిండా చెమ్మే. మే నెల చివర, తను మొదలుపెట్టిన చోట సూదులు తీసి చూస్తే, చిల్లు చిల్లుకీ ఒక గోధుమరంగు చుక్క. నిమ్మరసం అద్దింది. ఉప్పు రుద్దింది. ఫోన్లో ఎవరో చెప్పినవన్నీ చేసింది. చుక్కలు వెడల్పయ్యాయేగాని పోలేదు. అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లుదామంటే, ఆ తర్వాత అల్లినదంతా దానిమీదే నిలబడి ఉంది. కండెలు గోడకేసి కొట్టాలనిపించింది. కొడితే ఏలిస్ ఏరుకుంటాడు. ఆ కోపం కూడా తీర్చుకునే వీలు లేదు.

శనివారం అవ్వ వచ్చింది. కాఫీ ముట్టుకోకముందే వేలు దిండు మీదికి పోయింది. ఒక సూదిని పక్కకి వంచబోయింది. ఇత్తడిలా అది వంగలేదు.

"ఇవెవరివి?"

సైమి చెప్పింది. ఆసుపత్రి, చెప్పు, అయస్కాంతం, అన్నీ. అవ్వ అరవలేదు. మరకెక్కడుందో చూపించమంటే, సైమి ఆమె వేలు పట్టుకుని అక్కడ పెట్టింది.

"నాకు కనబడదు. ఊరికి కనబడుతుంది," అంది అవ్వ. తర్వాత గొంతు తగ్గించి అంది: "సూది గురించి అంత భయమైతే, అల్లినంతసేపూ పిల్లవాణ్ణి నా దగ్గర వదలచ్చు కదే. అడగలేదేం?"

అడగచ్చు. ఇన్ని నెలల్లో ఆ మాటే తోచలేదు. తోచనందుకు తనమీద తనకి మండుకొచ్చి, ఆ మంట నోటిదాకా వచ్చింది.

"ఆ కళ్ళతో మీరు వాణ్ణేం చూస్తారవ్వా?"

అన్నాక నాలుక కరుచుకుంది. లాభమేముంది? ఇంపి అవ్వ లేచింది, దిండు రెండు చేతులా ఎత్తి పొట్టకానించుకుంది. కండెలన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. సాయం పట్టబోతే, మోచేత్తో తోసేసి మెట్లు దిగింది.

ఆ రోజునుంచి అవ్వ ఫోనెత్తదు. సైమి పిల్లవాణ్ణి బండిలో వేసుకుని రోజూ వెళుతుంది. కిటికీ కింద నిలబడితే లోపల కండెల చప్పుడు వినిపిస్తుంది. ఆ చూపుతో, తడుముకుంటూ, ఒక్కతే ఆ లేసు విప్పుతోందో అల్లుతోందో. తలుపు తడితే చప్పుడు ఆగిపోతుంది. క్షమించమని తలుపుకే చెప్పి వెనక్కి వస్తుంది. ముసలిదాని అలక రెండు కాఫీలు తాగితే తీరిపోతుందంటాడు యోనాస్. తలుపు తీస్తే కదా కాఫీ.

జూన్ చివర మధ్యవేసవి పండక్కి అవ్వ సందులోవాళ్ళంతా దీవుల్లోని వేసవి ఇళ్ళకి వెళ్ళిపోయారు. నిన్న సైమి వెళితే కండెల చప్పుడు లేదు. ఇవాళ కూడా లేదు. ఆ నిశ్శబ్దం తన అడుగులు విని కమ్ముకున్నదో, తను రాకముందునుంచే ఉన్నదో ఆమెకు తెలిసే దారి లేదు. ఏలిస్ బండిచక్రం కిర్రుమని చప్పుడు చేస్తుంది, అవ్వ చెవులు పాము చెవులు. ముసలివాళ్ళ బాగోగులు చూసే అధికారులకి ఫోన్ చేద్దామంటే, చూపులేని మనిషి ఒంటరిగా ఉంటోందని వాళ్ళు ఆమెని ఆ ఇంట్లోంచే తీసేస్తారేమోనని ఇంకో బెంగ.

అందుకని, మీలో ఎవరైనా ఈ రెండు రోజుల్లో రౌమ పాత పేట వైపు వెళితే, చర్చి దాటాక రెండో సందులో, పసుప్పచ్చ తలుపున్న ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగండి. కాలరు మాట ఎత్తకండి, సైమి పేరు ఎత్తకండి. నీళ్ళకో, దారి అడగడానికో తలుపు తట్టండి. యోనాస్ అడుగులు కూడా ఆమెకి తెలుసు; మీ అడుగులు కొత్త, మీకైతే తీస్తుందేమో. ఇంపి అవ్వ లేచి తిరుగుతోందా, ఏమైనా తిన్నదా, అది ఒక్కటి చూసి, రెండు సందుల అవతల సైమికి చెప్పండి.