నాలుగో వరసలో కుర్చీ

మేనేజరు చూపించిన మెత్తటి సోఫాని చూడగానే టీచరమ్మకి ఒళ్లు మండింది.

వయొలిన్ నేర్పి నేర్పి అందరిచేతా ఆ పేరుతో పిలిపించుకున్న మనిషికి కొన్నేళ్లుగా చెవులు మొరాయిస్తున్నాయి. ఇంట్లో మనవరాలు వాయించినప్పుడల్లా గంగిరెద్దులా తలాడించి "బాగుందే" అనేది. పిల్ల వెర్రిదా? ఎలా ఉందని అడగడమే మానేసింది. ఇవాళ ఆ పిల్ల మొదటి కచేరీ. ఒక్కసారైనా నిజంగా విని నిజం చెప్పాలని ముసలావిడ పంతం.

వినికిడి తగ్గినవాళ్ల కోసం ఆ హాల్లో నేల కింద తీగ వేయించారు. తీగ చుట్టిన మేర కూర్చుంటే మైకులోని పాట తిన్నగా చెవి మిషన్‌లోకి వస్తుంది. లోపలికొస్తుంటే మధ్య వరసల దగ్గర, మనవరాలు శ్రుతి చూసుకోవడం ఆవిడకి స్పష్టంగా వినబడింది కూడా. కాళ్లు అక్కడే ఆగాయి. మేనేజరు ఆగనిస్తేనా! పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టడం ఏం మర్యాదంటూ చెయ్యి పట్టుకుని ముందు సోఫాకి తెచ్చాడు. అక్కడ తీగ లేదు. మిషన్‌లో గురగుర తప్ప ఏమీ లేదు.

"నాయనా, నాకు ఆ నాలుగో వరసలో కుర్చీ ఇప్పించు."

"అయ్యో, మీరు వెనకా? మాకు పాపం చుట్టుకుంటుందండీ!" చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"అరవకు. అక్కడ వినబడుతుంది, ఇక్కడ వినబడదు."

"ఇక్కడే బాగా వినబడుతుందమ్మా, స్టేజీ పక్కనే కదా!"

ఇద్దరిలో చెవిటివాళ్లెవరో ఆవిడకి అర్థం కాలేదు. వెంట వచ్చిన కొడుకు ఆవిడ కొంగు పట్టి లాగాడు. "అమ్మా, అంత గౌరవంగా కూర్చోబెడితే నీకీ గొడవేంటి?"

సోఫాల నిండా ఆవిడ ఈడువాళ్లే. పాటింకా మొదలవకుండానే తలలాడిస్తున్నారు.

మనవరాలి వయొలిన్ మీద కమాను కదిలింది. ఆవిడకి చెయ్యి కదలడమే కనబడింది. చిర్రెత్తుకొచ్చి లేచింది. కర్ర టకటకలాడించుకుంటూ నాలుగో వరస దాకా వెళ్లి, కుర్చీ ఖాళీ లేకపోతే నడవలో నేల మీదే కూలబడింది.

పాట వచ్చింది. పక్కన కూర్చుని వాయిస్తున్నట్టే వచ్చింది. ఆవిడ గుండె నిండిపోయింది. కాసేపటికి మొహం చిట్లించింది.

"మూడో వేలు! శ్రుతి తగ్గుతోందే, చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాను?"

తన గొంతు తనకే సరిగ్గా వినబడని మనిషి, గొణిగాననుకుంది. హాలంతా తిరిగి చూసింది. కొడుకు తల పట్టుకున్నాడు.

వేదిక మీద కమాను ఆగిపోయింది. మనవరాలు నవ్వుతూ భుజానికి కళ్లు తుడుచుకుని, వేలు సరిచేసుకుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.